చివరింటి నీళ్లు

రంగులక్కని రోజూ లేపేది వంటింటి కొళాయి. ముందు పైపు గురక పెట్టినట్టు ఒక చప్పుడు చేసేది. తర్వాత కాస్త గాలి, కాస్త తుప్పురంగు నీళ్లు. వాటి వెనకాలే అమ్మ గొంతు.

“చివరింటిదానా, లే. తెల్లారింది. పాలు పొయ్యి మీద పెట్టి ఆటల్లో పడకు. గడియ వేశానో లేదో అని వీధి మధ్యలోంచి వెనక్కి పరిగెత్తడం కాదు, వెళ్లేముందే చూసుకో.”

“లేచాలే అమ్మా,” అని రంగులక్క దుప్పటి పక్కకి తోసి, కళ్లు నులుముకుంటూ వచ్చి బకెట్టు సర్దేది. అప్పటికి మాటలు అయిపోయి ఉత్త నీళ్లు వస్తుండేవి. ఆమెకి నలభై దాటాయి. బడి మొహం చూసి పాతికేళ్ల పైనే. అయినా అమ్మ అడిగిందని వెళ్లి గడియ ఒకసారి లాగి చూసేది.

ఆ వీధి పైనుంచి కిందికి వాలుగా దిగుతుంది. దాని కింద ఇనప పైపు వేసి ఎన్నేళ్లయిందో వేసినవాళ్లకే తెలియాలి, వాళ్లెవరూ ఇప్పుడు లేరు. ఆ పైపులో నీళ్లు నిదానం. మొదటింటికి ఏ రోజు నీళ్లు ఆ రోజే అందేవి. దిగేకొద్దీ పాతబడేవి. మధ్యలో ఉన్న కటింగు షాపుకి పదేళ్ల కిందటివి, దాని కిందున్న టైలరింటికి ఇంకా ముందువి, చివరనున్న రంగులక్క ఇంటికి చేరేసరికి ముప్పై ఏళ్ల పైమాట. అందుకే మంచి ఎండాకాలంలో ఒక్కోసారి ఆమె కొళాయిలో బురదనీళ్లు పడేవి. ఎప్పుడో వచ్చిన వరద అది. “మీ ఇంటికి వరద ఇప్పుడొచ్చిందా?” అని అడిగి, పక్కింటివాళ్లు తలా రెండు బిందెల మంచినీళ్లు ఇచ్చేవాళ్లు.

నీళ్ల ఆఫీసు బిల్లు కూడా అలాగే వేసేది. ఏ సంవత్సరం బయలుదేరిన నీళ్లకి ఆ సంవత్సరం ధర. మీటరాయన ప్రతి నెలా వచ్చి మీటరు చూసి, దోసిట్లో నీళ్లు పట్టి వాసన చూసి, ఒక గుక్క నోట్లో పోసుకుని పుక్కిలించి ఆలోచించేవాడు. “పాత ట్యాంకుకి సున్నం వేసిన ఏడాదివమ్మా ఇవి. చవక,” అని రేటు వేసేవాడు. మొదటింట్లో మాత్రం ఆయన రుచి చూసేవాడు కాదు. అక్కడివి ఈరోజు నీళ్లు, ఈరోజు ధర.

రంగులక్క పని బట్టలకు రంగులద్దడం. పెరట్లో నాలుగు సిమెంటు తొట్లు, పైన అడ్డంగా తీగలు. వెలిసిపోయిన చీరలు, తెరలు, పాత కోట్లు ఆమె దగ్గరికి వచ్చేవి. పాత నీళ్లలో రంగు అప్పటి రంగులాగే పట్టేది. ఒకావిడ పెళ్లినాటి నీలం చీర తెచ్చిచ్చి, తీసుకెళ్లేటప్పుడు దాన్ని మొహానికి ఆనించుకుని కాసేపు మెట్ల మీదే కూర్చుండిపోయింది. డబ్బులివ్వడం మర్చిపోయి వెళ్లి, మళ్లీ వచ్చింది.

రంగులక్క అమ్మ నీళ్ల ట్యాంకు దగ్గర పనిచేసేది. తెల్లవారకముందే వెళ్లి వాల్వు తిప్పి వీధులకి నీళ్లు వదలడం ఆమె డ్యూటీ. నాన్న ఊసు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. పిల్ల ఒక్కతే ఇంట్లో పడుకుని ఉండేది. అందుకని అమ్మ వాల్వు తిప్పగానే పైపు దగ్గర వంగి ఒక కేక వేసేది. సాయంత్రం ఇంటికొచ్చి అడిగేది.

“పొద్దున పిలిచాను, వినపడలేదా?”

“లేదమ్మా. పక్కింటి మామ్మ గోడ మీద కొడితే లేచాను.”

“నీళ్లు నిదానం కదే. వస్తుందిలే ఎప్పుడో ఒకప్పుడు.”

పిల్లకి పదకొండేళ్లప్పుడు, ఒక వేసవి సెలవుల్లో, పిన్ని వచ్చింది. పిన్ని అంటే అమ్మకి సొంత చెల్లెలు. అదే వీధిలో మొదటింట్లో ఉండి పుస్తకాలకి అట్టలు కట్టేది. “పద, కొన్నాళ్లు వేరే ఊరు వెళ్లొద్దాం,” అని పిల్లని దూరంగా ఎవరో చుట్టాలింటికి తీసుకెళ్లింది. వారం అన్నది నెలయింది, నెల కాస్తా రెండైంది. అమ్మ దగ్గరికి పోదామని పిల్ల ఏడిస్తే, “అమ్మకి డ్యూటీలు ఎక్కువగా ఉన్నాయి,” అనేది పిన్ని. తిరిగొచ్చేసరికి ఇంట్లో అమ్మ మంచం ఎత్తి గోడకి ఆనించి ఉంది. అమ్మ లేదు.

“నువ్వు నాకు చివరిచూపు లేకుండా చేశావు,” అంది ఆ పిల్ల. పిన్ని ఆ పిల్లని తన ఇంట్లోనే ఉంచుకుంది. పెంచింది, చదివించింది, జ్వరం వస్తే పక్కన కూర్చుంది. ఆ ఒక్కమాటకి మాత్రం ఎప్పుడూ జవాబు చెప్పలేదు. ఇరవై ఏళ్లు రాగానే రంగులక్క అమ్మ ఇంటి తాళంచెవి తీసుకుని వీధి దిగి వచ్చేసింది. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేవు. దారిలో ఎదురుపడితే ఒకరు చెప్పుల వంకా, ఇంకొకరు ఆకాశం వంకా చూసుకునేవారు. వీధి కూడా అలవాటు పడిపోయింది.

ఆ ఇంట్లో రంగులక్క ఏళ్ల తరబడి ఎదురుచూసింది. కొళాయి కొంచెం వదిలి, కింద బకెట్టు పెట్టి పడుకునేది. ముప్పై ఏడో ఏట ఒక ఉదయం మొదటి కేక వచ్చింది. అప్పట్నుంచి ఏ ఊరూ వెళ్లలేదు, ఎవరింట్లోనూ నిద్ర చేయలేదు. పెళ్లి మాటెత్తినవాళ్లకి, “పొద్దున్నే మా అమ్మ పిలుస్తుందండీ,” అని చెప్పి పంపేసింది. వాళ్లకీ అది సబబుగానే తోచేది.

వీధిలోవాళ్లు కుశలం అడిగినట్టే అడిగేవాళ్లు.

“ఇవాళ ఏమంది మీ అమ్మ?”

“లెక్కల్లో మార్కులు తగ్గాయని చీవాట్లు.”

“పోనీలే, వచ్చే పరీక్షకి చదువుకో.”

పైపు మాత్రం అంతకంతకూ పాడవుతూ వచ్చింది. ఒకచోట అతికితే ఇంకోచోట చిట్లేది. ట్యాంకులో బయలుదేరిన నీళ్లలో సగం దారిలోనే భూమి తాగేసేది. కారిపోయిన ఆ నీళ్ల ఖరీదు నీళ్ల ఆఫీసు అన్ని ఇళ్లమీదా సమానంగా పంచింది, అదీ ఇప్పటి ధరకి. ఆపైన ధర కూడా పెంచింది. పాత రేటు ఇళ్లకీ, కొత్త రేటు ఇళ్లకీ బిల్లులు బరువెక్కాయి. చివరికి ఇంజనీరమ్మ వచ్చి కటింగు షాపులో అందర్నీ కూర్చోబెట్టింది. సన్నగా ఉండి, గొంతు మాత్రం గట్టిగా ఉన్న మనిషి.

“పైపు వేసినవాళ్లు పోయారు. మార్చాల్సినవాళ్లు వాయిదాలు వేసుకుంటూ రిటైరైపోయారు. మిగిలింది మనం,” అందామె. “ఖర్చులో కొంత ఆఫీసుది, కొంత మీది. మీ గుమ్మాల ముందు తవ్వాలి కాబట్టి ప్రతి ఇల్లూ ఒప్పుకోవాలి. ఒక్క ఇల్లు కాదన్నా నేను పార ఎత్తలేను.”

అందరూ రంగులక్క వైపు చూశారు. కటింగు షాపు మామయ్య గొంతు సవరించుకున్నాడు.

“మీ అమ్మ మాటలంటే మాకూ ఇష్టమేనమ్మా. కానీ తాగని నీళ్లకి డబ్బు కట్టడం, గీయని గడ్డానికి కూలి ఇచ్చినట్టుంది. ఎన్నాళ్లని?”

రంగులక్క తల దించుకుంది. “ఇంకొన్నాళ్లు ఆగండి మామయ్యా. అమ్మకి దగ్గు మొదలైంది.”

దగ్గు మొదలైందంటే ఇక ఎన్నో ఉదయాలు లేవని అందరికీ అర్థమైంది. అంతలో వెనక బల్ల మీదనుంచి ఇంకో గొంతు వచ్చింది.

“నేనూ ఒప్పుకోను.”

మొదటింటి పిన్ని. ఒళ్లో సంచి, వేళ్లకి ఎండిపోయిన జిగురు.

“మీ బిల్లే అందరికంటే ఎక్కువ కదండీ,” అంది ఇంజనీరమ్మ.

“నా బిల్లు నేను కట్టుకుంటాను. తవ్వొద్దు, అంతే,” అని పిన్ని లేచి వెళ్లిపోయింది.

వాటా కట్టడానికి చెయ్యి రాక అంటోంది అనుకుంది రంగులక్క. తనవైపు మాట్లాడింది కదా అని మాత్రం ఆమెకి తోచలేదు. అన్నేళ్ల కోపం అంత తేలిగ్గా పక్కకి జరగదు.

ఆ తర్వాత కొళాయిలో అమ్మ మాటలు తెగి తెగి వచ్చేవి. కొన్ని ఉదయాలు అసలు వచ్చేవి కావు. అలాంటి ఒక రోజు టైలరు భార్య చంకలో బిడ్డతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

“అక్కా, ఒకసారి మా ఇంటికొస్తావా? మా గోడ కింద మీ అమ్మ దగ్గుతోంది.”

రంగులక్క చేతులకున్న రంగు కూడా కడుక్కోకుండా వెళ్లింది. టైలరింట్లో ముందు గదే షాపు. మిషను పక్కన, గోడ మూల, నేల చెమ్మగా ఉంది. ఆమె నేల మీద బోర్లా పడుకుని చెవి ఆనించింది. అవును, అమ్మే. “... జడ గట్టిగా వేసుకో, సాయంత్రానికి ఊడిపోకుండా...” తర్వాత దగ్గు. తర్వాత నీళ్లు ఇంకుతున్న చప్పుడు. ఆమె అలాగే పడుకుని ఎంతసేపు విందో తెలియదు. ఆ పూటకి ప్రాణం లేచొచ్చినట్టయింది.

లేచి కూర్చున్నాక గోడ కనపడింది. నేలనుంచి పైకప్పు దాకా ఒక పగులు. అందులో పాత గుడ్డముక్కలు కుక్కి ఉన్నాయి. ఉయ్యాల గోడ దగ్గర్నుంచి తీసి గది మధ్యకి జరిపారు.

“మొదట్లో సూది పట్టేంత ఉండేది,” అన్నాడు టైలరు మిషను మీదనుంచి తలెత్తకుండా. “ఇప్పుడు కత్తెర పడుతోంది.”

“మరి మీటింగులో ఒక్కమాట అనలేదేం?”

టైలరు భార్య బిడ్డని భుజం మార్చుకుంది. “అనడానికి పిలవలేదక్కా నిన్ను. మీ అమ్మ మాటలు మా గోడలో ఇంకిపోతుంటే నీకు చెప్పకుండా ఎలా ఉంటాం? అవి నీవి కదా. నువ్వు రోజూ వచ్చి వినొచ్చు. మేం పొద్దున్నే మిషను కుట్టంలే.”

రంగులక్క బిడ్డ అరికాలు ఒకసారి పట్టుకుని వదిలింది. వేలి రంగు అంటింది. ఇంటికి వెళ్లలేదు. తిన్నగా నీళ్ల ఆఫీసుకి వెళ్లి, “తవ్వుకోండి,” అంది.

ఇంజనీరమ్మ ఆమె మొహం చూసి, వెంటనే సంతోషించలేకపోయింది. “ఇంకా మొదటింటావిడ ఉన్నారుగా,” అంది నెమ్మదిగా. “నేను రెండుసార్లు వెళ్లాను. తలుపు తీయలేదు.”

అలా రంగులక్క ఇరవై ఏళ్ల తర్వాత పిన్ని గుమ్మం ముందు నిలబడింది. లోపల్నుంచి కాగితాల వాసన, జిగురు వాసన. తలుపు తీసి పిన్ని అలాగే ఉండిపోయింది. ఎంత చిన్నదైపోయిందో, తలుపు గొళ్లెం ఆమె భుజం ఎత్తుకి వచ్చింది.

“నేను పైపుకి సరే అన్నాను పిన్నీ. నువ్వూ సరే అనాలి.”

“మీ అమ్మ మాటలు అయిపోయాయా?”

“లేదు.”

“మరి ఎందుకన్నావు?”

“టైలరు గోడ పగిలింది. చంటిబిడ్డ ఉన్నాడు ఆ ఇంట్లో.”

పిన్ని తలుపు అంచు పట్టుకుంది. “ఇంకెంతో లేవు. కొన్నాళ్లు ఓపిక పడితే...”

“గోడకి ఓపిక లేదు పిన్నీ.”

పిన్ని ఒకసారి నోరు తెరిచింది, మళ్లీ మూసుకుంది. ఏదో చెప్పబోయి మింగేసిందని రంగులక్కకి అనిపించింది గానీ అడగలేదు. అడిగే చనువు ఎప్పుడో తెంచుకుంది.

“నువ్వు వినకపోయినా పరవాలేదు అనుకుంటే నాకేం,” అంది పిన్ని చివరికి. “సరే అన్నానని చెప్పు.” తలుపు వేసుకుంది. తలుపు అవతల ఆమె వెళ్లిన అడుగుల చప్పుడు వినపడలేదు. అక్కడే నిలబడి ఉందన్నమాట.

పై నుంచి తవ్వడం మొదలైంది. పాత పైపు ముక్కలు ముక్కలుగా కోసి, నల్లటి కొత్త పైపు వేస్తూ కిందికి దిగుతున్నారు. కోసిన చోటల్లా ఆయా కాలాల నీళ్లు కందకంలో పడేవి. కటింగు షాపు దగ్గర పదేళ్ల కిందటి వడగళ్ల చలి తగిలి పనివాళ్లు చొక్కాలు వేసుకున్నారు. పిన్ని రోజూ వచ్చి కందకం పక్కన నిలబడేది. పని ఎంత దిగితే ఆమె అంత దిగేది. ఎవరైనా కుర్చీ వేస్తే వద్దనేది.

టైలరిల్లు దాటి చివరి ముక్క దగ్గరికి వచ్చిన రోజున, పొద్దున్నే రంగులక్క కొళాయి, “చివరింటిదా...” అని ఆగిపోయింది. వాల్వు కట్టేశారు. ఆమె బకెట్టు పట్టుకుని కాసేపు చూసి, దాన్ని బోర్లించి బయటికి వచ్చింది.

పనివాడు రంపం పెట్టి కోశాడు. పైపు రెండుగా విడిపోగానే నీళ్లు బుస్సున లేచాయి, వాటితో మాటలు. ఒకటి కాదు, మిగిలిన ఉదయాలన్నీ. “లే... లేవే... పాలు... జడ... గొడుగు పట్టుకెళ్లు... ఇవాళ త్వరగా వస్తాను... లే తల్లీ...” ఒకదాని మీద ఒకటి పడి దొర్లుకుంటూ కందకం నిండా. పనివాళ్లు పారలు వదిలి పైకెక్కారు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. మాటలు కాస్త తేటపడ్డాక, దగ్గుల మధ్య అమ్మ నింపాదిగా మాట్లాడడం మొదలుపెట్టింది.

“చివరింటిదానా, ఇది నీకు ఇప్పుడు చెప్పేది కాదు. నీళ్లు నిదానం కాబట్టి చెబుతున్నాను. ఇది చేరేసరికి నువ్వు నా అంత అయి ఉంటావు. నాకు బాగోలేదు. తగ్గేది కాదన్నాడు డాక్టరు. నువ్వు నన్ను ఆ మంచం మీద చూడకూడదు. నిన్ను ఎక్కడికైనా తీసుకెళ్లమనీ, ఏమీ చెప్పొద్దనీ చెల్లికి చెప్పాను. అది ఒప్పుకోలేదు. నాతో పోట్లాడింది, ఏడ్చింది. ఒట్టు వేయించుకున్నాను. తప్పో ఒప్పో, అది నా పని. తిట్టుకోవాలంటే నన్ను తిట్టుకో. దాన్ని కాదు.”

నీళ్లు కొంచెం ఆగి మళ్లీ వచ్చాయి.

“ఇవాళ్టికి వాల్వు నేనే తిప్పుతున్నాను. రేపట్నుంచి ఇంకెవరో తిప్పుతారు. నీళ్లు మాత్రం వస్తాయి. భయపడకు.”

ఆ తర్వాత వచ్చినవి ఉత్త నీళ్లు. కందకం అడుగున ఇంకి, చివరికి తడిమన్ను మిగిలింది.

రంగులక్క తలెత్తి చూసింది. పిన్ని కందకం అవతలి గట్టున, చీర కుచ్చిళ్లు బురదలో నానుతున్నా పట్టించుకోకుండా నిలబడి ఉంది. దాటడానికి మధ్యలో చెక్క వేసి ఉన్నా రంగులక్క అది చూసుకోలేదు. మోకాలి లోతు బురదలోకి దిగి అవతలికి ఎక్కింది.

“ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదు పిన్నీ? నేను అన్నన్ని మాటలు అంటుంటే?”

“తనే చెప్తానంది,” అంది పిన్ని. “పైపులో చెప్పానే, చేరేదాకా నువ్వు నోరెత్తకు అంది. మధ్యలో చెప్పడానికి నేనెవర్ని?”

“మరి ఆ రోజు తవ్వడానికి సరే అన్నావు. ఇక నాకు ఎప్పటికీ తెలియదని తెలిసి కూడా.”

పిన్ని టైలరింటి వైపు చూసింది. “ఇన్నాళ్లు పడ్డ దానికి ఇంకొన్నాళ్లు పడతాను అనుకున్నాను. గోడ ఓర్చుకోలేదుగా.”

రంగులక్క పిన్ని చెయ్యి పట్టుకుంది. జిగురు చెయ్యి, రంగు చెయ్యి. కటింగు షాపు మామయ్య అందరికంటే ముందు తేరుకుని, “ఏవమ్మా, పనివాళ్లని పని చేసుకోనివ్వండి,” అని జనాన్ని లోపలికి తోలాడు. తనూ లోపలికి వెళ్లి మొహం తువ్వాలుతో చాలాసేపు తుడుచుకున్నాడు.

కొత్త పైపులో నీళ్లు గబగబా వచ్చేవి. వీధి చివరికీ ఏ రోజువి ఆ రోజే. రంగులక్క పొద్దెక్కేదాకా పడుకుని, ఉలిక్కిపడి లేచి, ఎవరూ పిలవలేదని గుర్తు తెచ్చుకుని కాసేపు మంచం మీదే కూర్చునేది. కొత్త నీళ్లలో నీలం వేరేగా పట్టింది. పాతదానికంటే కాస్త మొరటుగా, కాస్త వెలుగుగా. పిన్ని వచ్చి తొట్టి మీదికి వంగి, “ఇదేం రంగే, కొట్టొచ్చినట్టుంది,” అనేది. పోయేటప్పుడు అదే రంగు జాకెట్టు గుడ్డ ఒకటి పట్టుకుపోయింది.

ఆ నెల మొదటిసారి రంగులక్కకి బిల్లు మొత్తం ఇప్పటి ధరకి వచ్చింది. రెండుసార్లు తిప్పి చూసింది.

“ఇంతా?”

“నేను ముప్పై ఏళ్లుగా కడుతున్నది ఇలాంటిదే,” అంది పిన్ని. “అందులో పైపు వాటా కూడా కలిపారు. ముందుముందు తగ్గుతుందేమోలే, కారే నీళ్లు లేవు కదా.”

“తగ్గేదాకా ఎలా?”

పిన్ని రెండు రోజులు ఏదో ఆలోచించింది. మూడోనాడు అట్టలు కట్టే బల్ల, జిగురు గిన్నె, సూదుల డబ్బా రిక్షాలో వేయించుకుని వీధి దిగి వచ్చింది. బల్ల ఎక్కడ పెట్టాలో కూడా ముందే అనుకుని వచ్చినట్టుంది, నేరుగా కిటికీ దగ్గర పెట్టించింది. రంగులక్క ఏమీ అడగకుండా రంగుల డబ్బాలు పక్కకి జరిపి చోటు చేసింది.

మొదటింటి కనెక్షను తీసేయడానికి మీటరాయన వచ్చాడు. రెంచి తీస్తూ ఆగి, పిన్ని వైపు చూశాడు.

“ఎందుకు తీసేస్తున్నారని ఆఫీసులో అడుగుతారమ్మా. ఏమని చెప్పమంటారు?”

పిన్ని రంగులక్క వైపు చూడకుండా, చాలా గంభీరంగా చెప్పింది.

“నీళ్ల ధర చూస్తున్నావుగా నాయనా. విడివిడిగా ఉండే స్తోమత మాకెక్కడిది?”